రైలుపట్టణపు నవలాకారుడు రమాపద చౌధురి

ఖరగ్‌పూర్ పేరు వినగానే తెలుగువారికి మొదట తలపునకు వచ్చేది రైలు. పందొమ్మిదవ శతాబ్ది చివర బెంగాల్ నాగపూర్ రైల్వేవారు అక్కడ కూడలి స్టేషను కట్టి, తరువాత గొప్ప కర్మాగారాన్ని నెలకొల్పినపుడు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలనుండి ఎన్నో కుటుంబాలు పనికోసం తరలివెళ్లాయి. వంగీయులు, ఒడియావారు, హిందీ ప్రాంతీయులు, ఆంగ్లో ఇండియనులు అందరూ అక్కడ వలసవచ్చినవారే. తాతలనాటి ఊరని చెప్పుకోగలవారు అరుదు. సుభాష్‌పల్లి మొదలైన పేటలతో పెరిగిన ఆ పట్టణంలో నేటికీ వంగ, హిందీ భాషలతోపాటు తెలుగు వినవస్తుంది. కాని ఆధునిక వంగ నవలకు ఒక ప్రత్యేకమైన చూపునిచ్చిన రచయిత ఆ ఊరివాడేనన్న సంగతి మనవారిలో కొద్దిమందికే తెలుసు.

రమాపద చౌధురి 1922 డిసెంబరు 28న ఖరగ్‌పూర్‌లో జన్మించాడు. తండ్రి రైల్వే ఉద్యోగి. బాల్యం, పాఠశాల చదువు అక్కడే గడిచాయి. రైల్వే కాలనీలో మనిషి హోదానుబట్టి ఇల్లు. హోదా మారితే ఇల్లూ మారుతుంది, ఉద్యోగం తీరితే ఇల్లు ఖాళీ చేయవలసిందే. మనిషి స్వభావం ఎంతవరకు అతనిది, ఎంతవరకు అతడు నిలిచిన చోటిది అన్న ప్రశ్న ఆయన రచనలన్నింటి వెనుక వినిపిస్తుంది. దానికి ఇటువంటి ఊరిని మించిన పాఠశాల ఉండదు.

పిమ్మట ఆయన కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, విశ్వవిద్యాలయంనుండి ఆంగ్ల సాహిత్యంలో ఎం.ఏ. పట్టా పొందాడు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో కథలు వ్రాయనారంభించాడు. తొలినాటి కథలలో ఛోటానాగపూర్ అడవులు, అక్కడి ఆదివాసులు కనిపిస్తారు. ఆనందబజార్ పత్రికలో చేరి దాని ఆదివారపు అనుబంధాన్ని చిరకాలం నిర్వహించాడు. 1954లో వెలువడిన ‘ప్రథమ ప్రహర్’ నవలలో తాను పెరిగిన రైలుపట్టణానికే తిరిగి వెళ్లాడు.

ఆయన దృష్టిని తెలుసుకొనడానికి ‘భారతవర్ష’ అనే చిన్న కథ ఒక్కటి చాలు. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించిన తరువాత తూర్పు భారతం మీదుగా సైనికుల రైళ్లు ఎడతెగక నడిచాయి. అట్టి రైళ్లు ఉదయపు ఫలాహారానికి ఆగే ఒక చోటు ఈ కథకు రంగస్థలం. అది స్టేషను కాదు. దానికి సైనిక సంకేతమే తప్ప పేరు లేదు. సైనికులకు ఉడికించిన కోడిగుడ్లు పంచగా పెంకులు గుట్టగా పెరిగి, ఆ చోటికి ‘అండా హాల్ట్’ అన్న పేరు వచ్చింది. సమీప గ్రామపు రైతులు పొలం పనులు మాని ముళ్లకంచె అవతల నిలిచి వింత చూస్తారు. ఒకనాడు ఒక సైనికుడు ఒక నాణెం విసురుతాడు. మొదట ఎవరూ తీయరు. క్రమంగా ఒకరు వంగుతారు, మరికొందరు చేతులు చాస్తారు. గ్రామపెద్ద మహతో వృద్ధుడు మందలిస్తాడు. ఆయన మానం ఒక్కటే మిగిలి ఉంటుంది. చివరకు ఆయన కంఠంకూడ బక్షీసుకోసం కేకలు వేసే గుంపులో కలిసిపోతుంది. ఆ రోజున రైలు ఆగకుండానే వెళ్లిపోతుంది.

ఈ కథలో ఎవరూ ఎవరినీ కొట్టరు, దోచుకొనరు. నాణెం విసిరినవాడు బహుశా దయతోనే విసిరి ఉండవచ్చు. అయినప్పటికీ నాగలి పట్టిన చేతులు యాచించే చేతులయ్యాయి. దోషి కానరాని ఇట్టి పతనమే రమాపద చౌధురి జీవితమంతా పరిశీలించిన విషయం.

‘ఖారిజ్’ నవలలో ఆ పరిశీలన మధ్యతరగతి ఇంటిలోకి ప్రవేశించింది. కలకత్తాలో ఒక దంపతులు పనికి పెట్టుకున్న బాలుడు చలిరాత్రి వంటగదిలో పడుకుని, పొయ్యి పొగకు ప్రాణం విడుస్తాడు. దంపతులు క్రూరులు కారు. ఆ పిల్లవాడు ఎక్కడ పడుకుంటున్నాడో పట్టించుకొనలేదు, అంతే. మృణాల్ సేన్ 1982లో దీనిని చలనచిత్రంగా తీయగా, 1983లో కాన్ ఉత్సవంలో జ్యూరీ బహుమతి లభించింది. ఆయనే ‘బీజ్’ను ‘ఏక్ దిన్ అచానక్’ పేర హిందీలో తీశాడు. పరిశోధక వైద్యుని వ్యథను చెప్పిన ‘అభిమన్యు’ 1990లో తపన్ సిన్హా చేతిలో ‘ఏక్ డాక్టర్ కీ మౌత్’ అయింది. హిందీ తెలిసిన తెలుగువారు అనేకులు, రచయిత పేరెరుగకయే, ఈ చిత్రాలద్వారా ఆయనను ఎరిగియున్నారు.

1988లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ‘బాడీ బదలే జాయ్’లో అద్దె ఇంటి కష్టాలు పడ్డ మనిషి తానే ఇంటి యజమాని అవుతాడు, ఇంటితోపాటు మనసూ మారిపోతుంది. రైల్వే కాలనీ పాఠం ఇక్కడ సంపూర్ణరూపం దాల్చిందనవచ్చు. ‘ఎఖనీ’ నవలకు అంతకుముందే, 1971లో, రవీంద్ర పురస్కారం వచ్చింది. ఆయన శైలి నిరాడంబరం. కోపం, ఉపన్యాసం రెండూ లేవు. వార్ధక్యంలో నవలా రచనను తానుగా విరమించాడు. చెప్పవలసినది ముగిసిన పిదప మౌనం వహించగల నిగ్రహం ప్రసిద్ధ రచయితలలో అరుదు. 2018 జూలై 29న, తొంభైఅయిదేళ్ల వయసులో, కలకత్తాలో కన్నుమూశాడు.

ఆయనను తెలుగు చేయబూనినవారికి రెండు మాటలు శ్రమ లేకుండ దొరుకుతాయి. ‘ఖారిజ్’ అనగా కొట్టివేయబడినది. మన కచేరీ భాషలోనూ అది ఖారీజే. ‘బక్షీసు’కు అనువాదమే అక్కరలేదు. వంగ, హిందీ, తెలుగు ప్రజలు తమ తమ భాషలలో ఈ మాటలను యథాతథంగా నిలుపుకున్నారంటే, వాటి వెనుకనున్న అనుభవాన్నికూడ సమానంగా పంచుకున్నారన్నమాట. అండా హాల్ట్ ఏ రాష్ట్రానిదో రచయితకు ప్రధానం కాదు. అందుకే ఆ కథకు దేశంపేరే పెట్టాడు.