అనుదినాహారమూ, అచ్చియున్న బాకీలూ

ఉద్యోగంలో చేరిన తొలి రోజులలో ఒక మిషను పాఠశాలలో తెలుగు పండితుడిగా పనిచేశాను. నేను క్రైస్తవుణ్ణి కాను. అయినా ప్రతి ఉదయం ప్రభువు ప్రార్థన వినీ వినీ నాకూ కంఠస్థమైంది. కథోలికులు దీనినే పరలోక జపమంటారు.

ఒకనాడు తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు లూకా సువార్త తెచ్చి, "మాస్టారూ, మాకచ్చియున్న అంటే ఏమిటండీ?" అని అడిగాడు. చూశాను. "ముద్రారాక్షసం నాయనా! మాకిచ్చియున్న అని ఉండాలి" అన్నాను, క్షణమైనా ఆలోచించకుండా. వాడు నా ఎదుటే పెన్సిలుతో గుడి దిద్దుకుని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి నిఘంటువు తీస్తే తల తిరిగింది. అచ్చు అంటే బాకీపడు. అచ్చియున్నవాడు మనకు అప్పున్నవాడు. నా దిద్దుబాటుతో వాడు మనకిచ్చినవాడైపోయాడు! అప్పిచ్చినవాణ్ణి క్షమించే ప్రార్థన ప్రపంచంలో మరెక్కడా ఉండదు.

మత్తయి సువార్త 6వ అధ్యాయంలో ఈ ప్రార్థన కొంత దీర్ఘంగానూ, లూకా 11వ అధ్యాయంలో సంక్షిప్తంగానూ ఉంటుంది. వ్యర్థంగా మాటలు పెంచవద్దని చెప్పిన వెంటనే మత్తయిలో యేసు దీనిని చెబుతాడు. లూకాలోనైతే మాకు ప్రార్థించడం నేర్పుమని శిష్యుడొకడు అడుగుతాడు. రెండింటిలోనూ అడిగేవాడు నాకు అనడు, మాకు అంటాడు. మొదట దేవుని నామమూ రాజ్యమూ, ఆ తరువాతనే మన అన్నమూ, మన అప్పులూ.

అప్పులనే మాట తమాషా అయినది. మత్తయి గ్రీకులో ఋణములనే ఉంది. లూకా మొదటి సగంలో పాపములని వ్రాసి, రెండవ సగంలో మాత్రం బాకీపడినవాణ్ణి అలాగే ఉంచాడు. యేసు మాట్లాడిన అరమాయికంలో హోబా అనే ఒకే పదం అప్పుకూ పాపానికీ చెల్లుతుంది. ఇది వట్టి అలంకారం కాదు. ఏడేళ్ళకొకసారి అప్పులు విడిచిపెట్టాలని ద్వితీయోపదేశకాండం 15వ అధ్యాయం శాసిస్తోంది. ఆ సంవత్సరం దగ్గరపడితే పేదలకు అప్పు పుట్టడం లేదని, బాకీ రద్దు కాకుండా హిల్లేలు పండితుడు ప్రోజ్బుల్ అనే పత్రాన్ని ఏర్పాటు చేశాడు. అటువంటి సమాజంలో నిలబడి 'మా బాకీదార్లను విడిచిపెట్టాం' అని దేవునితో చెప్పడం సామాన్యం కాదు. ఇంగ్లీషువారి 1549 నాటి ప్రార్థనా గ్రంథం దీనిని అతిక్రమణలుగా మార్చింది. 1611 బైబిలు మత్తయిలో అప్పులనే నిలిపింది. మన తెలుగు అనువాదకులు మత్తయిలో ఋణమనీ, లూకాలో పాపమనీ, అచ్చియుండుట అనీ మూలంలోని తేడాను అక్షరాలా పాటించారు. నేనేమో దానిని ముద్రారాక్షసమన్నాను.

ఇక అనుదినాహారం. దీని వెనుకనున్న గ్రీకు పదం ఎపియూసియోస్. మూడవ శతాబ్దంలోనే ఒరిజెన్, గ్రీకు పుట్టి పెరిగిన భాషగా గల పండితుడు, ఈ మాట పండితుల రచనల్లోనూ లేదు, జనుల నోటా లేదు, సువార్తికులే కల్పించి ఉంటారని వ్రాశాడు. నాలుగవ శతాబ్దాంతంలో లాటిన్‌లోకి దిద్దిన జెరోము లూకాలో దినదినమని ఉంచి, అదే పదాన్ని మత్తయిలో లౌకికద్రవ్యానికి అతీతమైనదని అనువదించాడు! ఒక్క పదానికి ఒక్క చేతితో రెండర్థాలు. హెబ్రీయుల సువార్తలో ఇక్కడ మహర్, అంటే రేపటిది, అని ఉన్నదని కూడా ఆయనే చెప్పాడు. నేటి అన్నమా, రేపటి అన్నమా, ఆత్మకు అన్నమా? కూలివాడు అడిగితే మొదటిదే అయి ఉంటుందని నా నమ్మకం.

1889లో ఈజిప్టులోని హవారాలో దొరికిన ఒక పపైరసును సేస్ అనే పండితుడు ప్రకటించాడు. అది ఇంటిఖర్చుల పద్దు. అందులో ఈ పదమే ఉందన్నాడు. ఇంకేం, దినబత్తెమని తేలిపోయిందని నిఘంటువులు సంబరపడ్డాయి. తరువాత ఆ పత్రం కనబడకుండా పోయింది. 1998లో యేల్ విశ్వవిద్యాలయంలో మళ్ళీ బయటపడితే పరీక్షించి చూశారు. అక్కడున్నది ఎలైయూ, అనగా నూనె! దశాబ్దాల తరబడి నూనెపద్దును పట్టుకుని అన్నానికి అర్థం చెప్పారన్నమాట. ఒరిజెన్ మాట ఇంకా చెక్కుచెదరలేదు.

'రాజ్యము, బలము, మహిమ' అనే ముగింపు మత్తయి ప్రాచీనతమ ప్రతులలో లేదు. ఆరాధనలో చేరి గ్రంథంలోకి ఎక్కింది. డిడాకే అనే తొలినాటి బోధగ్రంథం రోజుకు మూడుమార్లు దీనిని చెప్పమంటుంది. కనుక అన్నం కోసం అడగడం ఎంత తరచో, బాకీలు విడవడమూ అంతే తరచు.

మరునాడు తరగతికి వెళ్ళి నా పొరపాటు చెబుదామనే అనుకున్నాను. పండితుడినన్న బిడియం అడ్డువచ్చింది. రేపు, ఎల్లుండి అంటూ ఉండగానే సంవత్సరం ముగిసింది, వాడు పదో తరగతికి వేరే ఊరు పోయాడు. ఇప్పుడు వాడికీ యాభై దాటి ఉంటుంది. ఆ పుస్తకం ఇంకా ఉంటే, చకారం ముందున్న ఆ పెన్సిలు గుడిని చెరిపేయవలసిందని వాడికి నా మనవి. అచ్చులో ఉన్నదే సరైనది.