ఆరోగ్య పరిశోధనలో ప్రజా భాగస్వామ్యం: అనంతపురం కరువు సీమ

రోగులు, వారి ఇంటివారు, ఊరిజనం పరిశోధనకు వివరాలు ఇచ్చి ఊరుకోకుండా, దేన్ని పరిశోధించాలి, ఏం కొలవాలి, తేలిన సంగతి ముందుగా ఎవరికి చెప్పాలి అనే నిర్ణయాల్లో పాలు పంచుకోవడాన్ని ఆరోగ్య పరిశోధనలో ప్రజా భాగస్వామ్యం అంటారు. రక్తం ఇవ్వడం, సర్వేలో అడిగినవాటికి జవాబు చెప్పడం ఇందులోకి రావు. ఆ తేడా తెలుసుకోవడానికి అనంతపురం మంచి చోటు. నీళ్ల విషయంలో, విత్తనం విషయంలో ఇక్కడి రైతులు శాస్త్రవేత్తల సరసన కూర్చుని లెక్కలు వేశారు. ఆరోగ్యం దగ్గరికి వచ్చేసరికి జనం చాలామటుకు కొలతలు ఇచ్చినవారుగానే మిగిలారు.

ప్రాంతం

2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి అనంతపురం జిల్లాలో సుమారు 40.8 లక్షల మంది ఉన్నారు. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయింది. నైరుతి మేఘాలు పడమటి కనుమలు దాటేసరికి తేలిపోతాయి, ఈశాన్య రుతుపవనాల జోరు ఇంత లోపలికి రాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ అదను తప్పి. వాన చాలక బోర్లు, బోర్లు లోతుకు పోయేకొద్దీ నీళ్లలో ఫ్లోరైడ్, పంట ఎండితే బెంగళూరుకు వలస. ఈ సీమలో ఆరోగ్యాన్ని నీటినుంచి, పంటనుంచి విడదీసి చదవడం కుదరదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే ముందు పళ్లకు గార పడుతుంది, తర్వాత ఎముకలు, కీళ్లు బిగుసుకుపోతాయి.

నీళ్లు, విత్తనం: రైతులే కొలిచినవి

అనంతపురంతో సహా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో 2003 నుంచి 2009 దాకా రైతుల భూగర్భజల యాజమాన్య పథకం ఒకటి నడిచింది. నెదర్లాండ్స్ సాయంతో మొదలై, తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ అండతో సాగింది. పని మాత్రం ఊరివాళ్లదే. ఎంపిక చేసిన బోరులోకి టేపు దించుతారు. దాని కొసనున్న పరికరం నీటికి తగలగానే చప్పుడు చేస్తుంది. ఎన్ని మీటర్ల దగ్గర మోగిందో పుస్తకంలో రాసుకుంటారు. పంపు ఎంత పోస్తున్నదీ తెలుసుకోవడానికి డ్రమ్ము పెట్టి, అది నిండడానికి పట్టిన సెకన్లు లెక్కపెడతారు. వానమాపకంలో పడిన నీళ్లు ఏ రోజుకారోజు నమోదు. ఈ అంకెలన్నీ ఊళ్లో అందరికీ కనబడేలా బోర్డు మీదికి ఎక్కేవి. వానాకాలం వెళ్లాక అందరూ కూర్చుని, భూమిలో ఉన్న నీరెంత, రబీలో వేయదలచిన పంటలు తాగే నీరెంత అని బేరీజు వేసేవారు. వరి మానమని ఎవరూ ఆంక్ష పెట్టలేదు. లెక్క కళ్లెదుట ఉంది, నిర్ణయం ఎవరి చేనుకు వారిదే. భారత భూగర్భజలాలపై ప్రపంచ బ్యాంకు 2010లో వెలువరించిన నివేదిక ఈ పద్ధతిని ప్రత్యేకంగా చెప్పుకుంది.

విత్తనంలోనూ ఇలాంటిదే జరిగింది. జిల్లా వేరుశనగ చేలను దశాబ్దాల పాటు 1940ల నాటి టీఎంవీ-2 రకమే ఏలింది. పటాన్‌చెరు సమీపంలోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 2002 ప్రాంతంలో కొత్త రకాలను తెచ్చి రైతుల చేలలోనే, వారి పాత రకం పక్కన వేయించింది. రైతులు కాయ దిగుబడి ఒక్కటే చూడలేదు. బెట్టకు తట్టుకుంటుందా, తొందరగా కోతకొస్తుందా, కట్టె పశువులకు పనికొస్తుందా అని కూడా చూసి ఐసీజీవీ 91114 రకాన్ని ఎంచుకున్నారు. కరువు ఏడాది కాయ పోయినా పశువుకు మేత మిగలాలి. ఈ లెక్క దిగుబడి పట్టికలో కనిపించదు.

ఆరోగ్యంలో: కొలతలు ఇచ్చినవారు

ఆరోగ్యంపై ఇక్కడ పని జరగలేదని కాదు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిన యంగ్ లైవ్స్ అధ్యయనం 2002లో ఉమ్మడి రాష్ట్రంలో 3,000 మంది పిల్లలను ఎంచుకుంది. వారిలో 2,000 మంది 2001-02లో పుట్టినవారు, 1,000 మంది 1994-95లో పుట్టినవారు. ఎంచుకున్న జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఆ పిల్లల ఎత్తు, బరువు, తిండి, చదువు, ఇంటి అప్పు కొన్నేళ్లకొకసారి నమోదవుతూ వచ్చాయి. అదే పిల్లలను పెద్దయ్యేదాకా వెంబడించడం వల్ల, పసితనంలో గిడసబారిన బిడ్డకు తర్వాత ఏమవుతుందో చెప్పగల అరుదైన సమాచారం పోగుపడింది.

రెండో పని ఉమ్మడి జిల్లాలోని బత్తలపల్లిలో జరిగింది. విసెంట్ ఫెర్రర్ (1920–2009) 1969లో అనంతపురంలో మొదలుపెట్టిన గ్రామీణాభివృద్ధి సంస్థ (ఆర్డీటీ) ఆసుపత్రిలో చికిత్స పొందిన హెచ్‌ఐవీ రోగుల వివరాల ఆధారంగా 2010ల ఆరంభం నుంచి వైద్యులు అనేక పరిశోధన పత్రాలు ప్రచురించారు. మందులు మొదలుపెట్టకముందే, మొదలుపెట్టాక కూడా ఎవరు చికిత్సకు దూరమవుతున్నారు, ఎందుకు అన్నది వాటిలో ముఖ్యమైన ప్రశ్న. ఈ ప్రశ్నకు సగం జవాబు రికార్డుల్లో ఉంటే, మిగతా సగం బస్సు చార్జీలు, కూలి, ఇరుగుపొరుగు చూపుల మధ్య బతికేవారికే తెలుసు. రోగులను ప్రశ్న తయారీ దగ్గరే కూర్చోబెడితే లాభం ఇక్కడే.

ఖమ్మం పాఠం

జనాన్ని అడగకపోతే ఏమవుతుందో ఉమ్మడి రాష్ట్రం 2009-10లో చూసింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాపై అమెరికాకు చెందిన పాత్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి 2009 జులైలో ఖమ్మం జిల్లాలో ఒక ప్రాజెక్టు చేపట్టాయి. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10–14 ఏళ్ల బాలికలు సుమారు 14,000 మందికి టీకా వేశారు. వీరిలో గిరిజన హాస్టళ్ల పిల్లలు ఎందరో. మహిళా ఆరోగ్య సంస్థ 'సామ' బృందం 2010 మార్చిలో అక్కడికి వెళ్లి లోపాలను బయటపెట్టింది. ఏప్రిల్‌లో కేంద్రం పని ఆపించింది. టీకా వేయించుకున్నవారిలో కొందరు బాలికలు చనిపోయారు; ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. అనుమతి పత్రాల సంగతి వేరు: రాష్ట్రంలో చూసిన 9,543 పత్రాల్లో 2,763 వాటిపై సంతకాలు హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులవి, 1,948 వాటిపై వేలిముద్రలు. తల్లిదండ్రులు ఊళ్లో ఉన్నారు, సంతకం హాస్టల్‌లో పడింది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదా కాదా అన్నది వేరే చర్చ. మంచి టీకాకైనా ఇలా తెచ్చుకున్న అనుమతి చేటే చేస్తుంది.

నియమాలు

వైద్య పరిశోధన మండలి 2017 నైతిక మార్గదర్శకాలు సముదాయంతో సంప్రదింపులకు, సముదాయ సలహా బృందాలకు చోటిచ్చాయి. 2019 కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ప్రతి ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు సభ్యులుండాలి; వారిలో ఒక సామాన్య వ్యక్తి, ఒక మహిళ తప్పనిసరి. చదువురాని వ్యక్తి సమ్మతి ఇచ్చేటప్పుడు తటస్థ సాక్షి పక్కన ఉండాలి. ఇవన్నీ రక్షణ ఏర్పాట్లు. హాని జరగకుండా ఆపడం వీటికి చేతనవును గాని, ఏ ప్రశ్న వెతకాలో చెప్పే అధికారం వీటివల్ల ఊరికి రాదు. పెద్ద డాక్టర్లతో నిండిన గదిలో ఒక్క సామాన్య సభ్యుడు ఎంతవరకు నోరు విప్పగలడో ఊహించడం కష్టం కాదు.

ప్రశ్నను జనమే నిర్ణయించే ప్రయత్నాలు బయట ఉన్నాయి. 1983లో డెన్వర్‌లో ఎయిడ్స్ రోగులు తమను గురించిన నిర్ణయాల్లో తమకూ చోటు కావాలని ప్రకటన చేశారు. బ్రిటన్‌లో 2004 నుంచి జేమ్స్ లిండ్ అలయన్స్ రోగులను, వైద్యులను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఇంకా జవాబు దొరకని ప్రశ్నల్లో మొదటి పదింటిని ఏరిస్తోంది. మనకు దగ్గరిది జార్ఖండ్, ఒడిశాల్లో 'ఏక్‌జుట్' సంస్థ పని. మహిళా సంఘాలు నెలనెలా కూడి, పసికందులు ఎందుకు చనిపోతున్నారో చర్చించుకుని, తమకు చేతనైన ఉపాయాలు తామే ఎంచుకున్నాయి. 2010లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితాల్లో, నవజాత మరణాలు ఆ పల్లెల్లో 32 శాతం తక్కువగా కనిపించాయి. పొదుపు సంఘాలు ఇంటింటికీ తెలిసిన అనంతపురంలో ఇలాంటి కూటానికి కొత్త ఏర్పాటు అక్కర్లేదు.

ఆచరణలో అడ్డంకులు చాలా చిన్నవిగా ఉంటాయి. జూన్, జులైలో వాన పడగానే విత్తనం వేళ, ఆ వారాల్లో సమావేశం పెడితే ఎవరూ రారు. వేసవిలో పెడితే పనికి బెంగళూరు వెళ్లినవారు లెక్కలోంచి జారిపోతారు, ఊళ్లో ముసలివాళ్లు, పిల్లలే మిగులుతారు. కూలి పోగొట్టుకుని వచ్చినవారికి ఆ కూలి ఇవ్వాలి. పరిశోధనలో పాల్గొన్నవారికి ప్రయాణ ఖర్చులు, పోయిన కూలి చెల్లించడానికి 2017 మార్గదర్శకాలు అనుమతిస్తున్నాయి. సలహా చెప్పడానికి వచ్చినవారికీ అదే వర్తింపజేస్తే, బడ్జెట్ వేసేటప్పుడే ఆ పద్దు రాసుకోవాల్సి ఉంటుంది.