కథోలిక స్తుతిజపములు – వాని తెలుఁగు

బొబ్బిలి పేరు చెప్పఁగనే యాంధ్రులకు 1757వ సంవత్సరము జనవరి 24వ తేదీయు, బుస్సీ ఫిరంగులును జ్ఞప్తికి వచ్చును. పరాసులతోడి యా సీమ సంబంధ మంతటితో ముగిసినట్లే పెక్కురు తలఁతురు. కాని యెనుబదితొమ్మిదేండ్లకుఁ బిమ్మట, 1846లో, పరాసుభాష మాటలాడు వారే మఱికొందఱు విశాఖపట్టణమునకు వచ్చిరి. వీరు అన్సీ పట్టణమున వెలసిన పునీత ఫ్రాన్సిస్ దె సాల్ సభకుఁ జెందిన కథోలిక గురువులు. అన్సీ 1860 వఱకు సార్డీనియా రాజ్యములోనిది గావున వీరిని పరాసు ప్రజలనుట సరి గాదు. 1850లో విశాఖపట్టణము ప్రత్యేక ధర్మమండల మయ్యెను. బొబ్బిలి సీమ దానిలోనిదే. శ్రీకాకుళ మేత్రాసనము దానినుండి 1993లో వేఱుపడినది.

ఈ చరిత్రమున భాషాపరిశోధకులు గమనింపవలసిన విషయ మొకటి కలదు. దేవాలయమునఁ బూజ లాటినునందు జరుగుచుండెను. 1963 డిసెంబరు 4న వాటికను మహాసభ దేశభాషలకుఁ జోటిచ్చువఱకు నదియే విధి. జపములు మాత్రము తెలుఁగున నుండెను. పరలోకజపము, మంగళవార్తజపము, త్రిత్వస్తోత్రము అక్షరము రానివారికిని గంఠస్థములు. అనఁగా నాంధ్ర కథోలికుని భక్తి తెలుఁగున వెలసినచోటు బలిపీఠము గాదు, ఇల్లు. తెలుఁగు క్రైస్తవ వాఙ్మయమును 1812లో శ్రీరామపురమున నచ్చయిన సువార్తలనుండి లెక్కించువారు కాగితమును జూచినారు గాని నాలుకను జూడలేదు. మంగళగిరి ఆనందకవి వేదాంతరసాయనమును సైతము వారు మఱచినారు.

ఈ జపములలోని పదములు బహుదూరము నడచి వచ్చినవి. సర్వేశ్వరుఁడు, వరప్రసాదము, జ్ఞానస్నానము అనునవి అరవ కథోలికులకును సొంతములే. 1606లో మధుర చేరిన రాబర్టు ది నోబిలి వేసిన బాట యిది. యథావాక్కుల అన్నమయ్య సర్వేశ్వరశతకము చదివిన చెవికి మొదటి పదము శైవము. జపము చేయు వానికి నందు శివుఁడు లేఁడు. పదము పాతది, అర్థము క్రొత్తది.

దివ్యస్తుతుల కథ మఱింత రసవంతము. దైవనామమును దూషించు నోటి దోషమునకుఁ బరిహారముగా లూయీజీ ఫెలీచి యను యేసుసభ గురువు 1797లో వీనిని గూర్చెను. తెలుఁగున నివి "గాక"తో ముగియును. "స్తుతింపఁబడు" నను కర్మణిప్రయోగము వ్యవహారమున విరళ మనుట నిజమే, పండితుఁ డాక్షేపింపవచ్చును. కాని యొక విశేషమును విడువరాదు. మన భాషలో నాశీస్సునకును శాపమునకును "గాక" యొక్కటే. పగలు నూతియొద్దఁ గలహమాడి "నశించుఁ గాక" యన్న నోరే రాత్రి దీపమువేళ నదే ప్రత్యయముతో దేవుని స్తుతించును. ఫెలీచి యుద్దేశము, ఆయన యెఱుఁగని యీ భాషలో, వ్యాకరణముచేతనే నెఱవేఱినది.

దినచర్యలో నీ జపములకుఁ గాలనిర్ణయ మున్నది. ఉదయమున, మధ్యాహ్నమున, సాయంకాలమున గంట మ్రోఁగఁగాఁ ద్రికాలజపము. గడియారము లేని కాలమునఁ బొలములోని కూలికి నదియే వేళ తెలుపునది. సంధ్యావందన మెఱిఁగిన దేశమున నీ విభాగము వింత గాదు. ఇఁక జపమాల. దావీదు కీర్తనలు 150. చదువ నేరనివారు వానికి మాఱుగా 150 మంగళవార్తలు చెప్పుట యూరపున మధ్యయుగమునఁ బుట్టిన యాచారము. 2002లో రెండవ జాన్ పాల్ పోపు వెలుఁగు దేవరహస్యము లైదు చేర్పఁగా నా లెక్క 200 అయ్యెను. ఇంట నొకపూఁట చెప్పునవి మాత్రము నేఁటికిని ఏఁబదియే.