మెదడు గాయం తర్వాత జ్ఞాపకశక్తి లోపం

తలకు బలమైన దెబ్బ తగిలి మెదడు గాయపడినవారిలో చాలాకాలం వెంటాడే ఇబ్బందుల్లో జ్ఞాపకశక్తి లోపం ముఖ్యమైనది. రోడ్డు ప్రమాదాలు, ఎత్తు నుంచి జారిపడడం, కొట్లాటలు, ఆటల్లో తగిలే దెబ్బలు దీనికి ప్రధాన కారణాలు. వృద్ధాప్యంలో వచ్చే మతిమరుపు జబ్బుల్లా ఇది సాధారణంగా ఏటికేడు ముదరదు. మొదట్లో తీవ్రంగా ఉండి, తొలి నెలల్లో త్వరగా, ఆ తర్వాత నెమ్మదిగా తగ్గుతుంది. కొంత లోపం శాశ్వతంగా మిగలవచ్చు. అయితే జ్ఞాపకశక్తి మొత్తం తుడిచిపెట్టుకుపోవడం అరుదు. కొన్ని రకాలు దెబ్బతింటే కొన్ని మిగులుతాయి. చికిత్సకైనా, ఇంట్లో చేసుకునే ఏర్పాట్లకైనా ఆ మిగిలినవే ఆధారం.

గాయం జరిగే తీరు

వేగంగా కదులుతున్న తల ఒక్కసారిగా ఆగినప్పుడు మెదడు ముందుకు కదిలి, పుర్రె అడుగున ఉన్న గరుకైన ఎముక అంచులకు రాసుకుంటుంది. అందువల్ల దెబ్బ ఎక్కడ తగిలినా నుదుటి వెనక భాగం, కణతల వెనక భాగాలు ఎక్కువగా నలుగుతాయి. కొత్త అనుభవాన్ని జ్ఞాపకంగా నిలబెట్టే హిప్పోక్యాంపస్ కణతల భాగంలోనే, లోపలివైపు ఉంటుంది. ఆక్సిజన్ తగ్గితే త్వరగా చనిపోయే కణాల్లో దాని కణాలు ముందుంటాయి. తల విసురుగా తిరిగితే మెదడు భాగాలను కలిపే సన్నని నాడీతంతువులు సాగి దెబ్బతింటాయి. ఈ రకం నష్టాన్ని సబీనా స్ట్రిచ్ 1956లో వివరించారు. మామూలు సి.టి. స్కానులో అది కనిపించకపోవచ్చు. “స్కానింగ్ నార్మల్ అన్నారు కదా, మరి ఎందుకిలా మర్చిపోతున్నాడు?” అని ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్నకు ఉన్న జవాబుల్లో ఇదొకటి.

తొలి రోజుల అయోమయం

స్పృహ రావడం, జ్ఞాపకం రావడం ఒకటి కాదు. రోగి కళ్లు తెరిచి మాట్లాడతాడు, వచ్చినవాళ్లను పేరు పెట్టి పలకరిస్తాడు. గంట గడిచాక తనను చూడ్డానికి ఎవరూ రాలేదంటాడు. ఉన్నది ఆసుపత్రి అని తెలియక సెలైన్ పీకేసుకుని ఇంటికి పోతానని లేవబోతాడు. దెబ్బ తగిలినప్పటి నుంచి రోజువారీ సంగతులు మళ్లీ వరసగా గుర్తుండడం మొదలయ్యేదాకా సాగే ఈ దశ ఎంత పొడవుగా ఉంటే గాయం అంత తీవ్రమైనదని బ్రిటిష్ వైద్యుడు రిచీ రసెల్ చూపించారు. గంటలోపు అయితే స్వల్పం, ఒక రోజు లోపు మధ్యస్థం, వారంలోపు తీవ్రం, వారం దాటితే అతి తీవ్రం అన్నది ఆ లెక్క. స్పృహ స్థాయిని కొలిచే గ్లాస్గో కోమా స్కేలును 1974లో టీస్‌డేల్, జెన్నెట్ రూపొందించారు. ఈ అయోమయ దశను రోజూ కొలవడానికి అమెరికాలో హార్వే లెవిన్ బృందం 1979లో 100 మార్కుల ప్రశ్నావళిని తయారుచేసింది.

ఏది పోతుంది, ఏది మిగులుతుంది

గాయానికి ముందరి సంగతులు కొన్ని చెరిగిపోతాయి. ప్రమాదానికి దగ్గరి గంటలు, రోజులు ఎక్కువగా పోతాయి, చిన్ననాటివి సాధారణంగా నిలుస్తాయి. కొత్త జ్ఞాపకాలు పెళుసుగా ఉంటాయన్న ఈ సూత్రాన్ని ఫ్రెంచి పండితుడు థియొడ్యూల్ రిబో 1881లోనే ప్రతిపాదించారు. పోయినవాటిలో చాలావరకు క్రమంగా తిరిగి రావచ్చు. ఢీకొన్న క్షణం మాత్రం చాలామందికి ఎప్పటికీ గుర్తురాదు. ఆ క్షణం మెదడులో అసలు నమోదే కాలేదు.

రోజువారీ జీవితాన్ని ఎక్కువగా కుదిపేది కొత్త విషయాలు నిలవకపోవడం. దీనితోపాటు చేయవలసిన పని వేళకు గుర్తురాకపోవడం ఉంటుంది. మాత్ర వేసుకోవాలని తెలుసు, ఎనిమిదింటికి ఆ సంగతి తట్టదు. సైకిల్ తొక్కడం, పూలు కట్టడం, కుట్టుమిషన్ తొక్కడం లాంటి చేతి అలవాట్లు తరచూ చెక్కుచెదరవు.

కె.సి. ఉదంతం

ఈ తేడాలను స్పష్టంగా చూపిన వ్యక్తి వైద్యగ్రంథాల్లో కె.సి.గా ప్రసిద్ధుడైన కెనడా దేశస్థుడు. 1981లో, 30 ఏళ్ల వయసులో, మోటార్‌సైకిల్ ప్రమాదంలో అతని మెదడుకు తీవ్రగాయమైంది. రెండు వైపులా హిప్పోక్యాంపస్ బాగా దెబ్బతింది. టొరంటోలో మనస్తత్వ శాస్త్రవేత్త ఎండెల్ టల్వింగ్ అతన్ని ఏళ్ల తరబడి పరిశీలించారు. కె.సి. చదరంగం ఆడగలడు, గతంలో ఎవరితోనైనా ఆడిన సందర్భం ఒక్కటీ గుర్తులేదు. సోదరుడు చనిపోయాడని తెలుసు, ఆ కబురు విన్న ఘడియ గుర్తులేదు. రేపు ఏం చేస్తావని అడిగితే మనసంతా ఖాళీగా ఉందనేవాడు. తన అనుభవాల జ్ఞాపకం, లోకజ్ఞానం వేర్వేరన్న టల్వింగ్ 1972 నాటి ప్రతిపాదనకు ఇది గట్టి ఆధారమైంది. నిన్నటిని తలుచుకోవడానికీ రేపటిని ఊహించడానికీ ఒకే శక్తి కావాలని కూడా దీనివల్ల తెలిసింది. ఓపికగా పదేపదే చెబితే అతను కొత్త విషయాలు నేర్చుకున్నాడు, ఎప్పుడు నేర్చుకున్నాడో మాత్రం చెప్పలేకపోయేవాడు. 2014లో మరణించాడు.

పునరావాసం

గాయం వల్ల పోయిన జ్ఞాపకశక్తిని తిరిగి తెచ్చే మందు ఏదీ ఇంతవరకు రుజువు కాలేదు. సరస్వతీ లేహ్యం లాంటివాటికీ ఈ మాట వర్తిస్తుంది. పద్యాలు, అంకెలు బట్టీ పట్టించడం వల్ల అవి వస్తాయేమో గాని, తాళాలు ఎక్కడ పెట్టారో గుర్తుండదు. అందుకే పునరావాసంలో ముఖ్య ప్రయత్నం జ్ఞాపకం మీద పడే భారాన్ని తగ్గించడం.

ఇందులో బాగా ఉపయోగపడేవి బయటి సాధనాలు. బ్రిటన్‌లో బార్బరా విల్సన్ బృందం వేళకు సందేశం పంపే పేజర్‌ను 143 మందితో పరీక్షించి 2001లో ఫలితాలు ప్రకటించింది. పరీక్ష పూర్తిచేసినవారిలో 80 శాతానికి పైగా తమ పనులను మునుపటికన్నా మెరుగ్గా చేసుకోగలిగారు. ఇప్పుడు ఆ పని సెల్‌ఫోన్ అలారం చేస్తుంది. అలారం మోగితే చాలదు, “బీపీ మాత్ర, నీలం డబ్బా” అని తెర మీద కనబడాలి. లేకపోతే ఎందుకు మోగిందో తెలియదు.

నేర్పే పద్ధతిలో కూడా జాగ్రత్త కావాలి. “ఆలోచించు, నీకే గుర్తొస్తుంది” అని ఊహించమంటే నోటికొచ్చిన తప్పు జవాబే మనసులో పాతుకుపోతుంది, అది తప్పని గుర్తుపెట్టుకునే శక్తి ఉండదు. కాబట్టి సరైన జవాబు ముందే చెప్పి అనిపించడం మేలని బాడ్లీ, విల్సన్ 1994లో చూపించారు. చెప్పిన సంగతిని మళ్లీ అడిగే వ్యవధిని నిమిషం, మూడు నిమిషాలు, పది నిమిషాలుగా పెంచుకుంటూ పోవడం మరో పద్ధతి. భారతదేశంలో బెంగళూరు నిమ్హాన్స్ సంస్థ జ్ఞాపకశక్తి పరీక్షలకు, ఇలాంటి శిక్షణకు పేరుపొందింది. భారతీయుల కోసం రూపొందించిన పరీక్షల సంపుటిని అది 2004లో ప్రచురించింది.

ఇంట్లో

పాల లెక్క, గ్యాస్ బండ తేదీ రాసుకునే గోడ క్యాలెండరే మంచి సాధనం. అయిన పనిని అక్కడే కొట్టేస్తే, చేశానా లేదా అన్న సందేహం ఉండదు. తాళాలకు, కళ్లద్దాలకు, పర్సుకు ఒకే చోటు ఉండాలి. ఇల్లు సర్దేవాళ్లు ఆ చోటు మార్చకూడదు. పొయ్యి మీద గిన్నె మర్చిపోయేవారికి దానంతటదే ఆగిపోయే ఇండక్షన్ స్టవ్ క్షేమం. రోజూ ఒకే వేళకు ఒకే వరసలో చేసే పనులు కొంతకాలానికి అలవాటుగా కుదురుకుంటాయి.

మర్చిపోయిన చోటును రోగి తనకు తెలియకుండానే జరగని సంగతులతో పూరించవచ్చు. అది అబద్ధం కాదు, మెదడు చేసే పూరణ. వాదించడం కన్నా రాసిపెట్టిన కాగితం చూపించడం మేలు. “ఇందాకే చెప్పాను కదా” అన్న మాట వల్ల ఉపయోగం లేదు. ఆ ఇందాక అతని దగ్గర లేదు. అలసట, నిద్రలేమి, దిగులు, మూర్ఛ మందులు, మద్యం మరుపును పెంచుతాయి. వీటిలో చాలావాటిని డాక్టరు సరిచేయగలరు.

నష్టపరిహారం కేసుల్లో మరో చిక్కు ఉంది. ఒంటి మీద గాయం మానిపోయి మనిషి మామూలుగా కనిపిస్తాడు, ప్రమాదం ఎలా జరిగిందో చెప్పలేడు. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ముందు వైద్య రికార్డులు, ప్రత్యక్ష సాక్షులు, జ్ఞాపకశక్తి పరీక్షల నివేదిక అప్పుడు కీలకమవుతాయి.

అపోహలు

తలకు దెబ్బ తగిలి గతం మరిచిన కథానాయకుడికి రెండో దెబ్బతో అన్నీ గుర్తుకురావడం సినిమాల్లో చూస్తాం. నిజానికి మొదటి గాయం మానకముందే తగిలే రెండో దెబ్బ మెదడు వాపుకు, మరణానికి కూడా దారితీయవచ్చు. తన పేరు, తల్లిదండ్రులు గుర్తులేక కొత్తవన్నీ చక్కగా గుర్తుండడం కూడా మెదడు గాయాల్లో చాలా అరుదు. తరచూ కనిపించేది దీనికి తలకిందులు. 2005 నాటి ‘గజిని’లో కొత్త జ్ఞాపకం పదిహేను నిమిషాలకు మించి నిలవదన్న అంశం వాస్తవానికి దగ్గరే, కానీ గడియారం పెట్టినట్టు అంత కచ్చితమైన హద్దు ఉండదు.

భవిష్యత్తు

మెరుగుదల ఎక్కువగా మొదటి ఆరు నెలల్లో, ఆ తర్వాత రెండేళ్ల వరకు కనిపిస్తుంది. సాధనాలు వాడే అలవాటును మాత్రం ఆపైన ఎప్పుడైనా నేర్పవచ్చు. తిరిగి ఉద్యోగంలో చేరేవారికి పాత పనిలోనే, తక్కువ గంటలతో, నోటిమాటగా కాక రాతలో ఆదేశాలు అందేలా మొదలుపెట్టడం అనుకూలం. పాత పనిలో మిగిలిన నైపుణ్యం అక్కరకొస్తుంది. కొత్త పనిలో అన్నీ మొదటి నుంచి గుర్తుపెట్టుకోవలసి వస్తుంది.