ఉత్తమ చిత్ర నిర్ణయము - ప్రక్రియాభేదము

ఒక సంవత్సరమున వెలువడిన చలనచిత్రములలో ఉత్తమమైనది యేది యను ప్రశ్న పైకి సులభముగనే తోచును. కాని పౌరాణికమును, జానపదమును, సాంఘికమును ఒకే త్రాసున నిడినపుడు తూనికరాయి యేది యను సందేహము వెంటనే పుట్టును. ఈ విషయమును మేము కొత్తచెరువు పరిసరములనుండి పరిశీలింప దలచితిమి. అందులకు కారణము లేకపోలేదు. అనంతపురపు మెట్టసీమకు చెందిన యీ యూరు 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో నున్నది. దీనికి దక్షిణమున లేపాక్షి, తూర్పున కదిరి, ఉత్తరమున తాడిపత్రి కలవు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ చలనచిత్ర పురస్కారమునకు రూపము నొసగినది లేపాక్షి బసవన్న. ఆ పురస్కారము పుట్టుటకు ముందే దాదాపు అన్ని ప్రక్రియలందును చేయి తిరిగిన దర్శకుని కన్నది తాడిపత్రి.

ఆ దర్శకుడు కదిరి వెంకటరెడ్డి (1912-1972). కె.వి.రెడ్డిగా ప్రసిద్ధుడు. 'భక్త పోతన' (1943), 'యోగి వేమన' (1947) ఆయన తీసిన భక్తచరిత్రలు. వేమన సమాధిగా జనులు కొలుచు స్థలము కదిరికి చేరువనున్న కటారుపల్లెలోనే యున్నది గనుక ఈ రెండవ చిత్రమును ఈ సీమవారు తమ సొంత కథగా భావించుట సహజము. తరువాత 'గుణసుందరి కథ' (1949), 'పాతాళ భైరవి' (1951) అను జానపదములు వచ్చినవి. 'పెద్దమనుషులు' (1954), 'దొంగరాముడు' (1955) సాంఘికములు. 'మాయాబజారు' (1957) పౌరాణికము. ఒకే చేతినుండి యిన్ని జాతుల చిత్రములు వెలువడుటచేత, పురస్కారముల తీరును పరీక్షించుటకు ఆయన కృషి చక్కని ఒరగల్లు కాగలదు.

కేంద్రప్రభుత్వము 1953 నాటి చిత్రములకు 1954లో తొలిసారి బహుమతుల నొసగెను. స్వర్ణపతకము మరాఠీ చిత్రము 'శ్యామ్‌చీ ఆయీ'కి దక్కినది. మరుసటి యేటి చిత్రములనుండి ప్రాంతీయ భాషలకు వేరుగా గౌరవములు ఏర్పడినవి. తెలుగున రాష్ట్రపతి రజతపతకమును పొందినది 'పెద్దమనుషులు'. ఇబ్సెన్ నాటకచ్ఛాయతో డి.వి.నరసరాజు రచించిన యీ కథ, ఊరి పెద్దల వేషధారణను ఎండగట్టినది. కళాసౌష్ఠవముతో పాటు విద్యా సాంస్కృతిక ప్రయోజనమునుగూడ కోరిన ఆ పురస్కారమునకు ఇట్టి చిత్రము సరిగా నమరినది.

మూడేండ్లకు వచ్చిన 'మాయాబజారు' సంగతి వేరు. విజయా సంస్థ నిర్మించిన యీ చిత్రమున పింగళి నాగేంద్రరావు మాటలును పాటలును, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణమును, ఎస్.వి.రంగారావు ఘటోత్కచుడును కలసిన తీరు మనవారెల్లరు నెరిగినదే. అయినను 1957 చిత్రములకు కేంద్రమొసగిన గౌరవముల జాబితాలో దాని పేరు కానరాదు. ఆ యేడు తెలుగున మన్నన పొందినది బి.ఎన్.రెడ్డి 'భాగ్యరేఖ'. మరుసటి యేడు కె.వి.రెడ్డికే 'పెళ్లినాటి ప్రమాణాలు' అను సాంఘికము ద్వారా ఉత్తమ తెలుగు చిత్ర గౌరవము లభించెను.

దీనినిబట్టి నిర్ణేతలకు పురాణకథలన్న వైముఖ్య మనరాదు. 1963లో 'లవకుశ' ఎంపికైనది. 'భాగ్యరేఖ' తక్కువ చిత్రమనియు మే మనము, బి.ఎన్.రెడ్డి సంయమనము అందు నిండుగ నున్నది. దోషము వ్యక్తులది కాదు, ఏర్పాటుది. భాష కొక్క అగ్రగౌరవ మన్నపుడు, అనాథబాలిక వేదనను రాక్షసమాయల వినోదముతో పోల్చి ఒకదానిని విడువక తప్పదు. మన ఆలంకారికులు ఈ చిక్కును ముందే గుర్తించిరి. ధనంజయుడు దశరూపకములను వస్తువు, నేత, రసము అను మూటినిబట్టి వేరుపరచెను. ప్రహసనమును నాటకముతో పోల్చి హాస్యము శృంగారమునకు లొంగినదని నిందించిన విమర్శకుని మే మెరుగము.

1964 చిత్రములతో మొదలైన నంది పురస్కారములందు ఈ భేదము క్రమక్రమముగా చోటు చేసికొన్నది. తొలి సువర్ణనంది 'డాక్టర్ చక్రవర్తి'కి లభించెను. ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వమున, కోడూరి కౌసల్యాదేవి నవల 'చక్రభ్రమణం' ఆధారముగా వచ్చిన సాంఘికమిది. సువర్ణ, రజత, కాంస్య నందులు తరతమభేదమును మాత్రమే చూపును, జాతిభేదమును చూపవు. కుటుంబసమేతముగా చూడదగినది, జనాదరణ పొందిన వినోదచిత్రము, జాతీయ సమైక్యతను చాటునది, బాలల చిత్రము, డాక్యుమెంటరీ అను విభాగములు చేరిన పిమ్మటనే ఆ లోటు కొంత తీరినది. అయినను ఇవి ప్రయోజనమునుబట్టి చేసిన విభాగములేగాని, జానపదము, పౌరాణికము అను రూపమునుబట్టి చేసినవి కావు. మా దృష్టిలో అసలు కొరత యిదియే.

ఇక 'సంవత్సర'మను మాటయు సందిగ్ధమే. కేంద్రపురస్కారములకు సెన్సారు ధ్రువపత్రము పొందిన తేదీయే ప్రమాణము. మెట్టసీమ ప్రేక్షకునికి ఏడనగా తొలకరి విత్తుతో మొదలై వేరుసెనగ పెరికి అమ్ముటతో ముగియునది. పంట చేతికందిన దినములలో టూరింగు టాకీసు డేరాలో చూచిన పాతచిత్రమే ఆతనికి ఆ యేటి క్రొత్తచిత్రము. ఆతని తీర్పును ఏ సంఘమును అడిగినది కాదు.

2013లో ఒక జాతీయ వార్తాచానలు ప్రజాభిప్రాయ సేకరణ జరుపగా, భారతీయ చిత్రములన్నిటిలో 'మాయాబజారు'కే అగ్రస్థానము దక్కెను. ఏబదియారేండ్ల తరువాత వచ్చిన యీ తీర్పున గూడ ప్రక్రియావిభజన లేదు. ఆధునికులు తమ యభిమానమును తెలిపిరి, అంతే. నంది పురస్కారములు 2014, 2015, 2016 సంవత్సరములకు ఒక్కమారుగా 2017లో ప్రకటింపబడి, ఆపై నిలిచినవి. తెలంగాణ ప్రభుత్వము గద్దరు పేర పురస్కారములను నెలకొల్పి, 2025 జూనులో 2024 చిత్రములకు బహుమతు లిచ్చుచు, 2014 నుండి 2023 వరకు గడచిన ఏండ్లకు గూడ ఉత్తమచిత్రములను ఎంపిక చేసెను. ఆ పదేండ్ల చిత్రములను ఆయా యేండ్ల వేడిలో గాక దూరమునుండి చూచి నిర్ణయించుట నిర్ణేతలకు మేలు చేసెనా, కీడు చేసెనా యను విచారణ పరిశోధకులు చేపట్టదగినది.