బినాకా గీత్‌మాల కంఠము

1952లో ఆకాశవాణి సినిమాపాటలను దూరము పెట్టగా, జనులు సింహళపు రేడియోను ఆశ్రయించిరి. ఆ డిసెంబరున అచట ఆరంభమైన బినాకా గీత్‌మాలకు అమీన్ సయానీ వ్యాఖ్యాత. బొంబాయిలో రికార్డు చేసిన టేపులు విమానమున కొలంబో చేరుచుండెను. వారమునకు ఆయనకు ముట్టినది 25 రూపాయలే!

పండ్లపేస్టును పొగడుట ఎవరైనను చేయుదురు. ఈయన 'బహనో ఔర్ భాయియో' యని ఆడపడుచులను ముందుగా పిలిచి, చుట్టమువలె ముచ్చటించెడివారు. పాటల స్థానములను మెట్లనెడివారు. పైమెట్టు పాటకు బూరా ఊదించెడివారు. ఏ పాట యెక్కినదో, ఏది దిగినదో యను ఆతురత శ్రోతలను మరల బుధవారము రాత్రి రేడియో చెంతకు లాగెడిది. వర్తకనైపుణ్యమంతయు ఇందే కలదని నా అభిప్రాయము.

2024 ఫిబ్రవరిలో, 91 ఏండ్ల వయస్సున, ఆయన గతించిరి. పేస్టు పేరు ఎన్నడో సిబాకాగా మారినది. పాత శ్రోతలకు మాత్రము అది నేటికిని బినాకా గీత్‌మాలయే.