పోస్టర్ మీది పదకొండో నంబరు

1995 రగ్బీ ప్రపంచకప్‌కు దక్షిణాఫ్రికా ముస్తాబవుతున్న రోజులవి. టోర్నీ ప్రచారంలో ఎక్కువగా కనిపించిన ముఖం వింగర్ చెస్టర్ విలియమ్స్‌ది. వర్ణవివక్ష పోయింది, ఇక అందరిదీ ఒకే జట్టు అని చెప్పడానికి ఆ ముఖమే సాక్ష్యం. తీరా పోటీలు మొదలయ్యేసరికి అతను జట్టులో లేడు. తొడ కండరం దెబ్బతింది. శుభలేఖ మీద పేరున్న పెళ్లికొడుకు పందిట్లో లేనట్టయింది.

చెస్టర్ 1970లో కేప్‌టౌన్ దగ్గరి పార్ల్‌లో పుట్టాడు. మనిషి రంగు చూసి రిజిస్టరులో రాసుకునే ఆనాటి చట్టం అతన్ని 'కలర్డ్' అంది. అంటే మిశ్రమజాతి. శ్వేతజాతి ఆఫ్రికానర్లకు రగ్బీ దాదాపు మతం. దేశ రగ్బీ జట్టు 'స్ప్రింగ్‌బాక్స్' ఆడుతుంటే నల్లవాళ్లలో చాలామంది ఎదుటి జట్టుకు చప్పట్లు కొట్టేవారు. శ్వేతేతరుల్లో ఆ ఆకుపచ్చ జెర్సీ 1981లో ఎరల్ టోబియాస్‌కు, 1984లో చెస్టర్‌కు తండ్రి వరసయ్యే ఏవ్రిల్ విలియమ్స్‌కు దక్కింది. 1993లో చెస్టర్ వంతు వచ్చింది. ప్రపంచకప్ నాటికి జట్టులో శ్వేతేతరుడు అతనొక్కడే.

అతనికి మళ్లీ తలుపు తీసింది ఒక కొట్లాట. జూన్ 3న పోర్ట్ ఎలిజబెత్‌లో కెనడాతో మ్యాచ్‌లో ఆటగాళ్లు ముష్టియుద్ధానికి దిగారు. వింగర్ పీటర్ హెండ్రిక్స్‌పై నిషేధం పడింది. ఆ ఖాళీలోకి, గాయం నుంచి కోలుకున్న చెస్టర్‌ను పిలిచారు. వారం తిరిగేసరికి జొహానెస్‌బర్గ్ ఎల్లిస్ పార్క్‌లో వెస్టర్న్ సమోవాతో క్వార్టర్ ఫైనల్. బంతిని గీత దాటించి నేలకు తాకిస్తే 'ట్రై', 5 పాయింట్లు. చెస్టర్ ఏకంగా నాలుగు చేశాడు. జట్టు సాధించిన 42 పాయింట్లలో 20 అతనివే.

జూన్ 24న ఫైనల్. కెప్టెన్ పియెనార్ 6వ నంబరు జెర్సీ తొడుక్కుని దేశాధ్యక్షుడు మండేలా వచ్చిన రోజది. న్యూజిలాండ్‌పై ఒక్క ట్రై కూడా లేకుండానే, అదనపు సమయంలో జోయెల్ స్ట్రాన్స్‌కీ డ్రాప్ గోల్‌తో 15-12 గెలుపు. దేశం వీధుల్లోకొచ్చి ఆడిపాడింది.

పోస్టర్ వెనక కథను చెస్టర్ 2002లో వచ్చిన తన జీవితచరిత్రలో బయటపెట్టాడు. సహచరుల నోటే జాతి దూషణలు విన్నానన్నాడు. అన్ని రంగులవారూ కలిసిన ఇంద్రధనుస్సు దేశమంటూ మురిసినవారికి ఆ మాట చేదుగా తగిలింది. అప్పటికి అతని ఆట ముగిసింది: 27 టెస్టులు (అంతర్జాతీయ మ్యాచ్‌లు), 14 ట్రైలు. తర్వాత కోచ్‌గా మారి, 2002 కామన్వెల్త్ క్రీడల్లో ఏడుగురేసి ఆడే రగ్బీ 'సెవెన్స్'లో దేశ జట్టుకు కాంస్యం అందించాడు. 1995 ప్రపంచకప్ కథతో తీసిన 'ఇన్విక్టస్' సినిమా నటులకు రగ్బీ నేర్పాడు. చివరికి వెస్టర్న్ కేప్ విశ్వవిద్యాలయ జట్టుకు శిక్షకుడయ్యాడు. ఒకప్పుడు 'కలర్డ్' విద్యార్థుల కోసమే విడిగా పెట్టిన విశ్వవిద్యాలయమది.

2019 సెప్టెంబర్ 6న గుండెపోటుతో చెస్టర్ కన్నుమూశాడు. వయసు 49.

రెండు నెలలు తిరక్కుండానే, నవంబర్ 2న యొకొహామాలో దక్షిణాఫ్రికా మళ్లీ ప్రపంచకప్ ఫైనల్ ఆడింది. కెప్టెన్ సియా కొలీసి నల్లజాతి బిడ్డ. బరిలో దిగిన పదిహేనుమందిలో శ్వేతేతరులు ఆరుగురు. ఇంగ్లండ్‌పై 32-12 గెలుపు. ప్రపంచకప్ ఫైనల్లో ఆ దేశానికి మొట్టమొదటి ట్రై అందించిన వింగర్ మకాజోలే మపింపి. అతని వీపు మీద ఉన్నది చెస్టర్ వేసుకున్న నంబరే, పదకొండు.